ఎస్తేరత్త సగంలో ఆపిన ప్రార్థన

జనవరి పొగమంచు ఇంకా విడవలేదు. బారిడీహ్ నుంచి సాక్చీ వెళ్లే షేర్ ఆటోలో నా పక్కన ఒక ముసలావిడ కూర్చుంది. ఆమె ఒంటిమీద మగవాళ్ల స్వెట్టరుంది. తడిసి సరిగా ఆరని పాత ఉన్ని వాసన ముక్కుకు తగలగానే ఎస్తేరత్త గుర్తొచ్చింది. ఆమె కూడా మగవాళ్ల స్వెట్టరే, చనిపోయిన కొడుకుది, వేసుకునేది. ఎండలు ముదిరినా విప్పేది కాదు. నేను దిగాల్సిన చోటు దాటిపోయిందని డ్రైవరు చెబితే గాని తెలియలేదు.

మా చిన్నప్పుడు బారిడీహ్‌లో మా క్వార్టర్ల వరసంతా శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి, ఇనుము కార్ఖానాల్లో పని కోసం వచ్చినవాళ్లే. ఎస్తేరత్తవాళ్లూ అక్కడివాళ్లే. కాకపోతే ఆ వరసలో క్రైస్తవుల ఇల్లు అదొక్కటే. మా రెండిళ్లకీ మధ్య ఒకే గోడ. భర్త పోయాక ఆమె ఒక బడిలో ఆయాగా చేస్తూ ఒక్కగానొక్క కొడుకు సామేలును పెంచింది. పరమ శాంతమూర్తి అనుకునేరు, కాదు. కుళాయి దగ్గర ఆమెతో తగువు పెట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

బడిలో మాకు హిందీయే. ఇంట్లో తెలుగులో అడిగితే నేను హిందీలో జవాబిచ్చేదాన్ని. మా నాన్నకది బాధగా ఉండేది. నాకు నాలుగు తెలుగక్షరాలు నేర్పమని, తను అక్క వరసతో అప్పా అని పిలిచే ఎస్తేరత్తను ఆయనే అడిగాడు. ఆమె దగ్గర ఉన్న తెలుగు పుస్తకం బైబిలొక్కటే. పెద్దక్షరాల బైబిలు. వసారాలో కూర్చోబెట్టి, వేలు పెట్టి చదివించేది. మాది దేవుడికి దీపం పెట్టుకునే ఇల్లు. అయినా మా అమ్మ ఏమీ అనలేదు, పిల్లకు అక్షరం రావడమే కావాలంది. ఒకరోజు సొలొమోను కథ వచ్చింది. ఏం కావాలో అడుగు, ఇస్తానని దేవుడు అంటే, ఆ రాజు డబ్బూ ఆయుష్షూ కాకుండా మంచిచెడ్డలు తెలిసే మనసు అడిగాడట. నువ్వయితే ఏం అడుగుతావత్తా అన్నాను.

"నేనూ రోజూ అదే అడుగుతన్నానే. కుళాయి దగ్గర నా నోరు సూత్తన్నావు కదా, నాకే ఎక్కువ అవసరం" అని నవ్వింది.

ఆమె నవ్వగా నేను చూసిన ఆఖరి రోజుల్లో అదొకటి.

మా నాన్న ఒక ప్రైవేటు షెడ్డులో క్రేన్ నడిపేవాడు. సామేలుకు ఆ షెడ్డులో పని ఇప్పించింది ఆయనే. ఒకరోజు పైకెత్తిన ఇనప దిమ్మ జారి సామేలు మీద పడింది. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. గొలుసు తెగిందని షెడ్డువాళ్లు తేల్చారు. అందరూ అదే నమ్మారు. నాన్న ఊరుకుని ఉంటే ఆ మాట అక్కడితో ఆగిపోయేది.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు నాన్న ఎస్తేరత్త ఇంటికి బయల్దేరాడు. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపబోయింది, విడిపించుకున్నాడు. నేను వెనకాలే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఆమె నేలమీద సామేలు స్వెట్టరు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నాన్న ఎదురుగా కూలబడ్డాడు.

"అప్పా, గొలుసు తెగలేదు. సిగ్నలు సూడకుండా నేనే ఎత్తీసేను. వాడు కిందున్నాడని సూడలేదు" అన్నాడు.

ఆమె ఒళ్లో స్వెట్టరును దగ్గరికి లాక్కుంది. అరవలేదు. అరిస్తే బాగుండేదని నాన్న తర్వాత అమ్మతో అన్నాడు.

"మళ్లీ నీ మొకం నాకు సూపించకు" అంది, అంతే.

ఆరోజు నుంచి మా ఇంటివైపు చూడటం మానేసింది. ఆమె దగ్గర నా తెలుగు చదువూ ఆగిపోయింది. నాన్న షెడ్డులో కూడా నిజం చెప్పేశాడు, పని పోయింది. ఎక్కడో గేటు దగ్గర కాపలాకి కుదిరాడు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. తిన్నది ఒంటికి పట్టేది కాదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఎస్తేరత్త గోడ వంక చూస్తూ ఉండేవాడు.

ఆ గోడ పలచన. తెల్లారుతూనే ఆమె పైకి ప్రార్థన చేసుకోవడం మాకు వినబడేది. యేసు తన శిష్యులకు నేర్పిన ప్రార్థన అది, నాకూ నోటికొచ్చు. మొదలుపెట్టి, రోజు రొట్టె ఇమ్మని అడిగేదాకా ఏ తడబాటూ లేకుండా చెప్పేది. మాకు కీడు చేసినవాళ్లను మేం క్షమించినట్టు మమ్మల్నీ క్షమించమని అడిగే చోటు ఆ తర్వాతే వస్తుంది. సరిగ్గా అక్కడ ఆగిపోయేది. తర్వాత గిన్నెలు తోముకునే చప్పుడు. ఆ మాట దాటేసి మిగతాది చెప్పుకోవచ్చు కదా, దాటేసేది కాదు. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. ఇవతల నాన్న గోడకు చెవి ఆనించి కూర్చునేవాడు. ఆ మాట ఎప్పుడైనా వినబడుతుందేమోనని రోజూ చూసేవాడు.

మరుసటేడు వానాకాలంలో నాన్నకు పక్షవాతం వచ్చింది. ఒక పక్క పడిపోయింది, మాట ముద్దయిపోయింది. ఇల్లు గడవడానికి అమ్మ ఇళ్లల్లో పనికి వెళ్లేది. నేను బడి మానేసి నాన్న దగ్గరుండేదాన్ని. ఒక మధ్యాహ్నం వాన కురుస్తుండగా ఎస్తేరత్త గిన్నెతో లోపలికి వచ్చింది. ఆ స్వెట్టరే వేసుకుని ఉంది. నాన్న తల ఎత్తి ఒళ్లో పెట్టుకుని గంజి తాగించింది. మూతి తుడిచింది. నాన్న కళ్లవెంట నీళ్లు కారుతుంటే అవీ తుడిచింది, కొంచెం గట్టిగానే.

వెళ్లేటప్పుడు వసారాలో అడిగాను, నాన్న మీద కోపం పోయిందా అత్తా అని.

"పోలేదమ్మా. పోయేక వద్దామంటే నేనెప్పటికీ రాను" అంది. చెప్పులేసుకుంటూ ఆగింది. "మంచి మనసు ఇమ్మని ఇన్నేళ్లూ అడిగేను. మనసు ఇవ్వలేదు దేవుడు. ఈ పని ఇచ్చేడు. సేత్తన్నాను."

ఆ తర్వాత తన బడి పని ముగించుకుని, అమ్మ పనికి వెళ్లే వేళకి రోజూ వచ్చేది. నన్ను తిరిగి బడికి పంపింది. కొన్ని రోజులు నాన్న వైపు చూడకుండానే పక్కబట్టలు మార్చేది. కొన్ని రోజులు చెంచా నోట్లో పెట్టి, సామేలు పేరు పైకి అనుకుంటూ ఏడ్చేది. నాన్న వినేవాడు. ఆయనకు పలకడం వచ్చిన మాట ఒకటే మిగిలింది, "అప్పా". ఆమె గుమ్మంలో కనబడగానే ఆ మాట అనేవాడు. ఆమె ఒక్కరోజూ బదులు పలకలేదు. ఆయన కళ్లు మాత్రం ఏదో అడుగుతూనే ఉండేవి. అదేమిటో ఇంట్లో అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

చలికాలం మొదట్లో, ఆమె బడిలో పనికి వెళ్లిన వేళ నాన్న పోయాడు. వచ్చి చూసి, ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. అమ్మ ఆమె భుజం మీద చెయ్యేసి, మీరు చేసినట్టు సొంత అక్క కూడా చెయ్యదన్నది.

"అంతా సేసేను గాని ఆ ఒక్క మాటా అనలేకపోయేను. రేపు అందాం, రేపు అందాం అనుకున్నాను" అంది ఎస్తేరత్త.

ఆ మర్నాడు గోడ అవతల ప్రార్థన మొదలైంది. ఆగే చోటు వచ్చింది. ఆగింది. తర్వాత ఆ మాట చెప్పింది. చివరిదాకా చెప్పింది. అమ్మా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. నాన్న మంచం అప్పటికే తీసేశాం.

ఆ తర్వాత ఆమె ఎన్నో ఏళ్లు బతకలేదు. కొడుకు సమాధి పక్కనే చోటు దొరికింది. మా అమ్మ అక్కడ నిలబడి చేతులు ఎలా జోడించాలో తెలియక, తనకు తెలిసినట్టే దండం పెట్టింది.

నేను క్రైస్తవురాలిని కాలేదు. కాని నా మనసు మంచిదో కాదో తేల్చుకుంటూ కూర్చోవడం ఆమె వల్లే మానుకున్నాను. ఇప్పుడు మా అత్తగారు మంచాన ఉన్నారు. పెళ్లయిన కొత్తలో, మనిషిని చంపినవాడి కూతురని పదిమందిలో నన్ను అన్న మనిషి ఆమె. అది మరిచిపోలేదు, మరిచిపోతానని అనుకోను. వేళకి మందులిస్తాను, స్నానం చేయిస్తాను. మొన్న జుట్టు దువ్వుతూ, ఆరోజు మీరన్న మాటకు నేను మిమ్మల్ని క్షమించానని పైకే అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతులో ప్రేమేమీ లేదు. ఆవిడకు ఇంకా చెవులు వినబడుతున్నాయి, అందుకే అన్నాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. నేను జడ పూర్తిచేసి, దుప్పటి భుజాలదాకా కప్పాను.