పెదనాయన కప్పు, పెద్దమ్మ మాటలు

మొన్న ఆత్మకూరులో ఏకపాత్రాభినయం పోటీలకు నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. పదకొండు మంది వచ్చారు, పదకొండు మందివీ ఒంటరివాళ్ల వేషాలే. కళ్లకు గ్లిజరిన్, వెనక వయొలిన్, బుగ్గ మీదికి మైకు. ఒంటరితనానికి ఇంత సరంజామా కావాలని నాకు తెలియదు. ఒకడు ఏడుపు రాక కంట్లో వేలు పొడుచుకున్నాడు. ఆరోవాడు మాత్రం చీర కట్టుకుని, ఖాళీ కంచం ముందు కూర్చుని, "కూడు తింటివా అమ్మా? తింటినమ్మా" అనేసరికి నా చేతిలో పెన్ను ఆగిపోయింది. అవి మా పెద్దమ్మ మాటలు.

మా పెదనాయన వరికుంటపాడులో తెలుగు మాస్టారు, ఆ చుట్టుపక్కలకంతా పెద్ద నటుడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను వాళ్లింట్లోనే ఉండేదాన్ని. ఆయన అద్దం ముందు నిలబడి లోకంలోని దిక్కులేనివాళ్లందరి కోసం ఏడ్చేవాడు. ఆ ఏడుపు మధ్యలోనే "కాఫీ" అని కేకేసేవాడు. పెద్దమ్మతో ఆయన రోజంతా మాట్లాడే మాట అదొక్కటే. ఊరికి ఉపకారి, ఆలికి అపకారి అని ఊరికే అన్నారా? అందరూ తిన్నాక ఆమె వంటింట్లో పీట వేసుకుని తనతో తనే ముచ్చట పెట్టుకునేది. "కూర ఎట్ట ఉండాదమ్మా? ఉప్పు తక్కువైంది. ఎవురూ అనలేదే? అనేదానికి ఎవురన్నా నోరు తెరిస్తే గదా." ఒకరోజు నవ్వించడానికని పెదనాయన ముందు ఆమెను అనుకరించాను. ఆయన నవ్వలేదు, పెన్ను తీశాడు. "ఇంకోసారి చెప్పు పాపా, నిదానంగా" అన్నాడు. చెప్పాను. ఆయనకంటే నీచురాలిని నేనే. పోయి ఆమె పక్కన కూర్చుంటే సరిపోయేది, ఆ బుద్ధి పుట్టలేదు.

ఉదయగిరిలో ఒక బడి వార్షికోత్సవానికి ఆయన ఆమె చీరే కట్టుకుని ఆమె మాటలే చెప్పాడు. ముందు వరుసలో ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. పెద్దమ్మ నా పక్కనే ఉంది. సంతోషిస్తుందని నేనే బస్సెక్కించి తీసుకొచ్చాను. ఆమె ఏడవలేదు, ఆయన ఒంటి మీదున్న తన చీర అంచు వైపే చూస్తూ కూర్చుంది. ఆడదాని మనసు ఇంతగా ఎరిగిన మగవాడు లేడని పొగిడి ఆయనకు కప్పిచ్చారు. ఆ మహానుభావుడు తర్వాత ఆ మాటల్ని తన పేరుతో అచ్చు కూడా వేయించాడు.

తిరుగు బస్సులో మొదటిసారి అడిగాను, "తిన్నావా పెద్దమ్మా?" అని.

"నన్నెందుకు అడగతావు? మీ పెదనాయన్ని అడుగు. నా మాటలన్నీ ఆయన కాడే ఉండాయి."

ఆ రోజు నుంచి వంటింట్లో మాట వినిపించలేదు. ఆమెకున్న ఒక్క తోడునూ మేమిద్దరం కలిసి లాక్కున్నాం.

మొన్నటి చీర కుర్రాడికి మిగతా ఇద్దరు న్యాయనిర్ణేతలూ పదికి పది వేశారు. నేను సున్నా వేశాను. వాడు నా దగ్గరికే వచ్చి, "ఏంది మేడమ్, నా దాంట్లో ఏం తక్కువైంది?" అన్నాడు.

"ఉప్పు" అన్నాను.

పెద్దమ్మ పోయి ఇరవై ఏళ్లయింది. తిన్నావా అని అడగడానికి అప్పట్లో నాకు రోజుకు రెండు పూటలుండేవి. వాటిలో ఒక్క పూట కూడా ఇంతవరకు తిరిగి రాలేదు.