అరుగు మీద మిగిలిపోయిన పానాల సంచి

మా చిన్నప్పుడు... మద్రాసు చూలై పేటలో మా ఇంటి ముందు కారు ఆగిందంటే అది మాది కాదు, రిపేరుకు వచ్చినదే. నాన్న పక్క వీధి షెడ్డులో మెకానిక్. బాగుచేసిన బండిని ఓనరుకు అప్పగించే ముందు ఒకసారి దూరం తిప్పి చూసేవాళ్ళు. దాన్ని ట్రయల్ అనేవాళ్ళు. నాన్నకు స్టీరింగ్ పట్టుకునే భాగ్యం అప్పుడే... ఆ రోజు ఆయన తల దువ్వుకుని మరీ వెళ్ళేవాడు.

యాభైల నాటి మాట. నాకు పదకొండేళ్ళు. మా బడి ఆడపిల్లలకు ఎన్నూరు సముద్రం ఒడ్డున, సరుగుడు తోపులో, రెండు రోజుల క్యాంపు పెట్టారు. గుడారాల్లో పడుకోవడం, రాళ్ళపొయ్యి మీద మేమే వండుకోవడం... అమ్మ ససేమిరా అంది. పిల్లలంతా పొద్దున్నే వ్యానులో వెళ్ళిపోయారు. సాయంత్రం ఐదులోపు వచ్చి చేరితే సరే, ఆ తర్వాత వస్తే చేర్చుకునేది లేదని టీచరమ్మ చెప్పి వెళ్ళింది. నేను మధ్యాహ్నం దాకా అన్నం ముట్టకుండా ఏడుస్తూ కూర్చున్నాను.

నా ఏడుపు చూడలేక నాన్న లేచాడు.

"లాయరు బండి ఎట్లాగూ ట్రయల్ పోవాల్నే గదా. ఎన్నూరు దాకా పోయొస్తా. నువ్వూ రా, ఆడ ఎట్లుందో నీ కండ్లతో చూస్కో," అన్నాడు అమ్మతో.

లాయరుగారికి ఆ సాయంత్రం ఆరింటికి రైలుంది. ఐదింటికల్లా బండి ఆయన గుమ్మంలో ఉండాలి. అయినా నాన్న "సరి సరి, బయల్దేరండి" అని ఒకటే తొందర.

సీటు మాసిపోతుందని నా సామాను డిక్కీలోనే పెట్టమన్నాడు. ట్రంకు పెట్టె, పరుపుచుట్ట... రెండూ పెడితే మూత పడలేదు. మూల నాన్న గోనె సంచి ఉంది. పానాలు, స్క్రూడ్రైవర్లు, సుత్తి, అన్నీ అందులోనే. బాగైపోయిన బండికి పానాలెందుకు అనిపించింది నాకు... సంచి తీసి అరుగు మీద, ఆయన రోజూ పెట్టే చోటే పెట్టేశాను. మూత పడింది. ఎవరూ చూడలేదు.

వాషర్‌మెన్‌పేట్ దాటి, తిరువొత్తియూరు దాటి, సముద్రం పక్కన పోతున్నాం. నాన్న ఈల వేస్తున్నాడు. ఉన్నట్టుండి ముందు నుంచి ఆవిరి పొంగుకొచ్చింది. బండి రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది.

"ఏం లేదు, రేడియేటర్ పైపు కాడ క్లిప్పు ఊడింది. స్క్రూ బిగిస్తే అయిపాయె," అంటూ డిక్కీ తెరిచాడు.

నా పరుపుచుట్ట తీసి రోడ్డు మీద పెట్టాడు, పెట్టె తీశాడు, మళ్ళీ లోపల చూశాడు.

"సంచి ఎత్తి పెట్టినట్టే ఉందే... పెట్టలేదా ఏమి?"

"పనిముట్లు లేకుండా యాడికైనా పోతారా అయ్యా?" అంది అమ్మ.

"మరిచినా ఉంటాను మే. నాకు మతి ఈడ లేదు."

చెప్పేద్దామని నోరు తెరిచాను. చెబితే అమ్మ అక్కడి నుంచే వెనక్కి లాక్కుపోతుంది... మూసుకున్నాను.

అణా బిళ్ళతో స్క్రూ తిప్పబోయి చెయ్యి కాల్చుకున్నాడు. చివరికి తిరువొత్తియూరులో ఏదైనా సైకిలు షాపు ఉంటుందని వచ్చిన దారినే నడిచిపోయాడు. నేను మైలురాయికీ కారుకీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో... పొద్దు వైపు చూడటం, రోడ్డు వైపు చూడటం. "కాళ్ళలో చక్రాలున్నాయా నీకు? ఒక్కచోట ఉండు," అని అమ్మ కసిరింది. నేను నిలబడితే అరుగు మీద సంచి కళ్ళముందుకొచ్చేది.

గంట తర్వాత అరువు స్క్రూడ్రైవరుతో, చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. క్లిప్పు బిగించాడు. అమ్మ నా క్యాంపు గిన్నెతో చేపలు పట్టే పల్లెకారుల బావి నుంచి నీళ్ళు మోసి తెచ్చింది. ఇంజను అందుకుంది.

"వెనక్కి తిప్పు. లాయరుకు రైలు తప్పితే నీ పనేమి గాను?" అంది అమ్మ.

నాన్న అద్దంలో నా మొహం చూశాడు. "పాపకు మాట ఇచ్చినాను మే," అని ముందుకే పోనిచ్చాడు.

ఐదు కావస్తుండగా తోపులో దించారు. అంతా కళ్ళారా చూడాలని వచ్చిన అమ్మ కూడా కారు దిగలేదు. నాన్న కాలిన చెయ్యి ఊపి బండి తిప్పేశాడు.

లాయరుగారికి రైలు తప్పింది. నేను మూడోనాడు ఇంటికొచ్చేసరికి షెడ్డు ఓనరు అందరి ముందూ అనేశాడట... మతిమరుపు మనిషికి స్టీరింగ్ ఇవ్వకూడదని. ఆ తర్వాత నాన్న కార్ల కింద దూరి పనిచేశాడే గాని, ట్రయల్ మాత్రం ఇంకెవరో పోయేవాళ్ళు. వాళ్ళు మలుపు తిరిగేదాకా గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చూస్తూ నిలబడేవాడు.

మా ఇంట్లో అది నవ్వులాటగా మారింది. ఎక్కడికి బయల్దేరినా నాన్న గుమ్మంలో ఆగి మూడుసార్లు అడిగేవాడు, "సంచి ఎత్తినానా?" అని. పెళ్ళికి రైలెక్కుతున్నా అదే ప్రశ్న. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

మొన్న అదే ఎన్నూరు దారిలో మా మనవడి కారు ఆగింది. ముందూ వెనకా లారీలే... వాడు సీట్లోంచి లేవకుండా ఫోను చేశాడు, ఎవరో వచ్చి బాగుచేసి పోయారు. కారులో సంచీ లేదు, దాన్ని వెతికేవాళ్ళూ లేరు. నేను మాత్రం వెనక సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను.

మీలోనూ ఇలా ఇంట్లో ఎవరికీ చెప్పనిది ఏదైనా మిగిలి ఉంటే రాయండి... వినేవాళ్ళు ఇంకా ఉంటే ముందు వాళ్ళకే చెప్పండి.

నాన్నా... నువ్వు మరిచిపోలేదు. సంచి ఎత్తే పెట్టావు. తీసింది నేను.