కాలేషా చెప్పిన బొమ్మ

మా దివిసీమలో సినిమాని సినిమా అనరు, బొమ్మ అంటారు. బొమ్మ పడింది, బొమ్మ బాగుంది, బొమ్మ పోయింది, అంతే. కాలేషా బతుకంతా ఆ మాట మీదే నడిచింది. ఆ మాటే వాణ్ణి నిలువునా ముంచింది కూడా.

వాడిది బందరు. నాగాయలంకలో డేరా టాకీసుకి నేను ఆపరేటర్ని, పేరు పిచ్చేశ్వరరావు. వాడు మా పబ్లిసిటీ మనిషి. రిక్షాకి రెండు పక్కలా పోస్టర్ల తడికలు కట్టి, మైకు పట్టుకుని ఊళ్ల మీద పడేవాడు. కంచు గొంతు. నోరు తెరిస్తే కోతలు. నాకూ వాడికీ రోజూ తగువే.

"ఉన్నది ఉన్నట్టు చెప్పి ఏడవరా" అనేవాణ్ణి.

"ఉన్నది ఉన్నట్టు చెప్తే ఎవడొస్తాడు పిచ్చయ్యా? నీ మొహం చూడ్డానికా?" అనేవాడు వెధవ.

డెబ్భై ఏడులో, వానాకాలం తగ్గుముఖం పడుతుండగా, మా యజమాని బెజవాడ నుంచి చవగ్గా కొన్ని ఫిల్ము పెట్టెలు తెచ్చాడు. తీరా వేసి చూస్తే ఏ దేశానివో గీసిన బొమ్మల సినిమాలు! మనిషన్నవాడు లేడు. అంతా రంగులే. రాబోయే కాలమట, రాకెట్లూ, గ్రహాలూ, గాజు పట్నాలూ. ఈ బురదలో ఇవి ఎవడు చూస్తాడురా దేవుడా అని నేను తల పట్టుకున్నాను. కాలేషా మాత్రం నేల మీద బాసింపట్టు వేసుకుని, అన్నీ నాచేత వేయించుకుని చూశాడు.

"ఇన్ని రంగులు నా జన్మలో చూళ్లేదు. ఇవి జనానికి చూపించకపోతే పాపం తగులుద్దిరా" అన్నాడు.

ఎవరికి ఏ బొమ్మ చెప్పాలో వాడికి తెలుసు. వల వేసేవాళ్లకి ఇనప చేపల బొమ్మ చెప్పాడు: "చేప కడుపులో మనుషులుంటారు, సముద్రం అడుగున దీపావళే!" కోతలకెళ్లే ఆడవాళ్లకి చుక్క మీద తోట వేసిన బొమ్మ చెప్పాడు: "ఒక్కో పువ్వు ఇల్లంత. చూశారంటే ఇక మీ మొగుళ్లు తెచ్చే మల్లెపూలు కంటికి ఆనవు!" మాటలు మనకి తెలియవు కదా అంటే, "మాటలెందుకమ్మా, కళ్లున్నాయిగా!" అనేవాడు. పిల్లకాయల బొమ్మలని వెక్కిరిస్తూనే జనం వచ్చారు. వచ్చినవాళ్లు మళ్లీ వచ్చారు.

అందరిలోకీ పిచ్చి ముదిరినవాడు శోభనాద్రి. సముద్రం పక్క పల్లెలో వల వేసుకునేవాడు. పెళ్లాం మాణిక్యమ్మ, ఇద్దరు పిల్లలు. బొమ్మ మారిందంటే చాలు, కుటుంబాన్ని వెంటేసుకుని దిగేవాడు. వాడూ కాలేషా బావా అంటే బావా అనుకునేవారు. బావ వరస కలిపాక మాలో నోటికి అడ్డుండదు. అబద్ధం చెప్పినా వేళాకోళమే, నిజం చెప్పినా వేళాకోళమే.

ఆఖరి పెట్టెలోది ఉప్పెన బొమ్మ. ఏదో గ్రహం మీద నీలం సముద్రం గోడలా నిలువునా లేచి, లోపల చేపలూ చుక్కలూ మెరుస్తుండగా పట్నం మీదికి వస్తుంది. గుండె ఝల్లుమంటుంది. దాన్ని మా వాడు ఊరూరా ఇలా చెప్పాడు:

"ఉప్పెన వస్తోంది! తాడిచెట్టంత అల వస్తోంది! ఇంటిల్లిపాదీ కదలండి! తర్వాత చెప్పలేదనేరు!"

దివి దివంతా కదిలింది. డేరా చాల్లేదు.

బొమ్మ ఇంకా ఆడుతూనే ఉంది, తుఫాను పట్టింది. శనివారం పొద్దున రేడియోలో చెప్పారు. గాలి తీరు చూసి కాలేషా మొహం నల్లబడింది. బందరులో తురకల ఇంటికెళ్లినా బాపనింటికెళ్లినా పాత ఉప్పెన కథ ఒకటి ఉంటుంది. కాలేషా వాళ్ల నాయనమ్మ వైపు సగం వంశం అందులోనే పోయిందట.

"శోభనాద్రి పల్లె సముద్రం నోట్లో ఉందిరా, పద" అన్నాడు. ఆట ఎలాగూ లేదు. ఆ వానలో రిక్షా తోసుకుంటూ ఇద్దరం వెళ్లాం.

వాడు మైకు ఎత్తాడు. "ఉప్పెన వస్తోంది! ఇంటిల్లిపాదీ కదలండి!"

ఇంకేం మాటలున్నాయి వాడి దగ్గర? భయంతో నోటికి అవే వచ్చాయి. గుడిసెల్లోంచి తలలు బయటికొచ్చాయి. నవ్వులు. శోభనాద్రి గోనెసంచి నెత్తిన కప్పుకుని వచ్చాడు.

"ఏంటి బావా, వానకి డేరా ఖాళీ అయిందా? చూసేశాం కదా, ఇంకో బొమ్మ చెప్పు!"

"బొమ్మ కాదు బావా! నిజం ఉప్పెన! నాగాయలంకలో మేడలున్నాయి, పిల్లల్ని తీసుకుని వచ్చెయ్!"

"మొన్నా ఉప్పెన వస్తోందనే చెప్పావుగా!"

కాలేషా మైకు అవతల పారేశాడు. బురదలో మోకాళ్ల మీద పడి, అల్లా మీద ఒట్టు పెట్టి, వెక్కివెక్కి ఏడ్చాడు. అప్పుడు ఆ జనం ఏం చేశారో తెలుసా? చప్పట్లు కొట్టారు. "అబ్బ, ఇవాళ భలే చేశాడ్రా!" అన్నారు. నేను బూతులు తిట్టాను. నన్నూ చూసి నవ్వారు. "గాలి తగ్గాక వచ్చేత్తాంలే అన్నయ్యా, తడిసిపోతన్నావు, పో" అంది మాణిక్యమ్మ కాలేషాతో, జాలిగా. పిల్లల్లో పెద్దవాణ్ణి కాలేషా చెయ్యి పట్టి లాగితే, శోభనాద్రి నవ్వుతూనే విడిపించి లోపలికి తీసుకుపోయాడు.

ఆ సాయంత్రం సముద్రం వచ్చింది. మేము నాగాయలంక తిరిగొచ్చి మిల్లు మేడ మీద బతికాం. తెల్లారి అటు వెళ్లి చూస్తే పల్లె లేదు.

ఆ తర్వాత కాలేషా బందరు వెళ్లిపోయి పడవలకి రంగులు వేసుకుని బతికాడు. "ఏ బొమ్మ బాగుంది సాయిబు గారూ?" అని ఎవరైనా అడిగితే లేచి వెళ్లిపోయేవాడు. ఉప్పెన భయమని అందరూ అనుకునేవారు. కాదు. నాకు తెలుసు.

ఉప్పెన పోయిన వారానికి గంజి పోసేచోట మాణిక్యమ్మ కనబడింది. తుమ్మచెట్టుకి చిక్కి తనొక్కతే మిగిలింది, ఒళ్లంతా ముళ్లగాట్లు. కాలేషా ఆమెని చూసి గోడ చాటుకి తప్పుకున్నాడు. ఆమే వెతుక్కుంటూ వచ్చింది.

"తిట్టు తల్లీ" అన్నాడు.

"తిట్టడానికి రాలేదన్నయ్యా. నీళ్లు మొలలోతు వచ్చినప్పుడు మీ బావ నీకో మాట చెప్పమన్నాడు. బావ తప్పేం లేదు, బాధపడొద్దన్నానని చెప్పవే అన్నాడు. నేను బతికితే."

కాలేషా కుప్పకూలిపోయాడు. ఇద్దరు మనుషులం పట్టుకున్నా ఆగలేదు. ఆమె కాళ్ల దగ్గర నేలకేసి తల కొట్టుకుంటూ అరిచాడు:

"అంత నీళ్లలో పిల్లల్ని చూసుకోక నా మాటెందుకు ఎత్తాడు తల్లీ? నా మాటెందుకు ఎత్తాడు?"