వద్దనడం రాని మేనత్త

ఈ పొద్దున గేటు దగ్గర "సార్" అని పిలుపు వినబడితే పేపరు పక్కన పెట్టి లేచాను. ఆరోగ్య శాఖ తరఫున ఇంటింటికీ తిరిగే అమ్మాయి. భుజానికి సంచి, చేతిలో ప్రెషర్ చూసే మిషను, చంకలో రిజిస్టరు. విరుదునగర్‌లో మా వీధికి నెలకోసారి వస్తుంది. పెద్దవాళ్లకు ప్రెషర్, షుగర్ చూసి, నెలకు సరిపడా మాత్రలు చేతిలో పెట్టి పోతుంది. ఆస్పత్రిలో వరసలో నిలబడే పని లేదు, పైసా ఖర్చు లేదు. నా చేతికి పట్టీ చుట్టి చూసి, "రోజూ వేసుకుంటున్నారా సార్?" అని అరవంలో అడిగింది. వేసుకుంటున్నానన్నాను. ఆమె తల ఎత్తకుండానే రిజిస్టరులో టిక్కు పెట్టుకుంది. నేను చెప్పింది నిజమే, దేవుడి తోడు. అయినా ఆ టిక్కు మీంచి చూపు పక్కకు తిప్పుకున్నాను. అలాంటి టిక్కులు మా మేనత్త పేరు ఎదురుగా రెండేళ్లపాటు వరసగా పడ్డాయి, ఒక్క నెల తప్పకుండా.

మా మేనత్తది కోవిల్‌పట్టికీ కడంబూరుకీ మధ్యనున్న నల్లరేగడి ఊరు. నాన్నకు ఆఖరి చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. నాలుగెకరాల్లో పత్తీ మినుములూ వేసి, డెబ్బై ఐదు దాటాక కూడా కూలివాళ్లకంటే ముందు చేలో దిగేది. ఎద్దులను అదిలించే గొంతు, కూలివాళ్లను పరుగెత్తించే గొంతు ఆమెది. అంతటి మనిషికి ఒక్క మాట మాత్రం నోరు తిరగదు: వద్దు. ఎవరేమిచ్చినా వద్దనలేదు. కట్టెల పొయ్యి మీద వండుకునే మనిషి, ఎవరో పాపం ఊళ్లోకి మోసుకొచ్చాడని ప్రెషర్ కుక్కరు కొనింది. దానికి పసుపూ కుంకుమా పెట్టి దేవుడి గూటి పక్కన ఉంచింది. ఒకసారి కోవిల్‌పట్టిలో చుట్టాల ఇళ్లకు నేనే తీసుకెళ్లాను. మూడిళ్లలో మూడు భోజనాలు చేసింది. రెండో ఇంట్లోనే నేను చేతులెత్తేశాను. మూడో ఇంట్లో ఆమె పాయసం మారు కూడా వేయించుకుని, బస్టాండులో కడుపు పట్టుకుని కూలబడి, "అంత ఆశగా వడ్డిస్తా ఉంటే తిన్నానని ఎట్ల సెప్పేదిరా" అంది. ఆ రోజు నేను నవ్వి నవ్వి చచ్చాను.

నా సంగతీ కొంచెం చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పాను, అరవంలోనే. తెలుగు మాకు ఇంటి మాట, అక్షరాలు నేను రిటైరయ్యాక పట్టుబట్టి దిద్దుకున్నవి. అన్ని సంవత్సరాల ఉద్యోగంలో నేను ఆలస్యంగా వెళ్లిన రోజు లేదు. మొదటి గంట కొట్టేసరికి హాజరుపట్టీ తెరిచి కూర్చునేవాణ్ని, రెండో గంట తర్వాత వచ్చినవాడు ఎవరి కొడుకైనా సరే గుమ్మం బయటే. రిటైరయ్యాక ఆ శిక్ష మా ఆవిడకు పడింది. కాఫీ రెండు నిమిషాలు ఆలస్యమైతే నేను గోడ గడియారం వైపు చూస్తానట. "మీకూ మీ గడియారానికీ ఒక దండం" అంటుంది. నేను దాన్ని పొగడ్తగానే తీసుకునేవాణ్ని.

మేనత్తకు ప్రెషర్ ఉందని కనిపెట్టింది కూడా ఇలా ఇంటింటికీ తిరిగే ఒక పిల్లే. బస్సు దిగి, నీడ లేని రేగడి బాటలో నడిచి ఊళ్లోకి వచ్చేది. నేను ఊరికి పోయినప్పుడు రెండు మూడుసార్లు చూశాను. ఆ పిల్ల తిన్నె మీద కూర్చోగానే అత్త సజ్జ అంబలిలో మజ్జిగ పోసి, నంజుకోవడానికి ఉల్లిపాయ పెట్టి చేతికిచ్చేది. "పాట్టీ, ముందు చెయ్యి చూపించు" అని ఆ పిల్ల, "ముందు తాగవే తల్లీ" అని ఈమె. పాట్టీ అంటే అరవంలో అవ్వ. పట్టీ చుడితే ప్రెషర్ ఎప్పుడూ ఎక్కువే. "మాత్రలు వేసుకుంటున్నావా పాట్టీ?" అంటే ఊఁ అని తలూపేది. వేసుకున్నా దిగడం లేదని డాక్టరు ఒక మాత్రను రెండు చేశాడు. ఇంకో ఆరు నెలలకు రెండు కాస్తా మూడయ్యాయి. అంతా ఆ పిల్ల అత్తకిచ్చిన చిన్న పుస్తకంలో అచ్చుగుద్దినట్టు రాసి ఉండేది. సొంత మేనల్లుణ్ని అయ్యుండి నేను చేయని పని ఎవరో పిల్ల ఎండలో నడిచి వచ్చి చేస్తోందే అని సిగ్గుపడ్డాను, సంతోషించాను కూడా.

తర్వాత అత్తకు కళ్లలో పొర కమ్మింది. పత్తి ఏరేటప్పుడు కాయకీ ఆకుకీ తేడా తెలియడం లేదని మొదటిసారి తన నోటితో తనే కష్టం చెప్పుకుంది. విరుదునగర్‌లో ఉచిత కంటి శిబిరం పెట్టారని తెలిసి నేనే వెళ్లి రైల్లో తీసుకొచ్చాను. ఆపరేషన్ ఉచితం, అద్దాలు ఉచితం. కానీ అక్కడ ప్రెషర్ చూసిన డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఇంత ప్రెషర్‌తో కంటి మీద కత్తి పెట్టలేం, మాత్రలు ఏమైనా మానేస్తోందా అని అడిగాడు. అత్త నోరు తెరిచేలోపు నేనే పుస్తకం తీసి ఆయన ముందు పెట్టాను. "ఒక్క నెల కూడా తప్పలేదు సార్, చూడండి" అన్నాను, పరీక్షలో మా బడికి మొదటి ర్యాంకు వచ్చినంత గర్వంగా. ఆయన పుస్తకం తిరగేసి, అయితే ఇదే మోతాదు వారం రోజులు ఒక్క పూట తప్పకుండా దగ్గరుండి వేయించండి, దిగితే చేసేద్దాం అన్నాడు. దగ్గరుండి వేయించడం అంటే నాకంటే తగినవాడు జిల్లాలో ఎవరున్నారు!

పొద్దున ఎనిమిదికి రెండు, సాయంత్రం ఎనిమిదికి ఒకటి. ఊరినుంచి తన సంచిలో తెచ్చుకున్న ఆ నెల అట్టలు విప్పి నేనే ఇచ్చాను. ఒక్క మాత్ర కూడా తీసి లేదు. నెల మొదలు కదా అనుకున్నాను. చేతిలో నీళ్ల గ్లాసు పట్టుకుని, ఆమె మింగి నోరు తెరిచి చూపించేదాకా ఎదురుగా నిలబడేవాణ్ని. బడిపిల్లలకు పురుగుల మాత్ర వేయించిన అలవాటది. మొదటి రోజు మధ్యాహ్నం "తల తిరుగుతా ఉండాదిరా" అంది. ప్రెషర్ దిగేటప్పుడు అలాగే ఉంటుంది, ఒళ్లు అలవాటు పడాలి అని నేను పెద్ద పాఠం చెప్పాను. రక్తనాళాల బొమ్మ కూడా గీసి చూపించాను, ఛీ. రెండో రోజు గోడకు జారగిలబడి కూర్చుని కూర్చునే నిద్రపోయింది. "అత్తమ్మ ఎందుకో వాడిపోయి ఉండాది, సాయంత్రం మాత్ర ఆపి డాక్టర్ను అడగరాదా" అంది మా ఆవిడ. ప్రయాణం బడలిక అన్నాను. మూడో రోజు పొద్దున రెండు మాత్రలూ మింగి, కాసేపటికి మొహం కడుక్కుంటానని పెరట్లోకి పోయింది. కొళాయి దగ్గర చెంబు పడ్డ చప్పుడు విన్నాను. ఆ వెనకే అత్త పడింది.

తుంటి ఎముక విరిగింది. పెద్దాసుపత్రిలో నర్సు ప్రెషర్ చూసి, నమ్మకం లేక ఇంకో మిషను తెచ్చి మళ్లీ చూసింది. అంత కిందికి పడిపోయింది. డ్యూటీ డాక్టరు చిన్నవాడు, నా పాత విద్యార్థుల వయసు. ఇన్ని మాత్రలు ఎందుకు వేశారని అడిగాడు. రెండేళ్లుగా వేసుకుంటున్నవే సార్ అని మళ్లీ ఆ పుస్తకమే తీశాను. అతను పుస్తకం చూశాడు, అత్తను చూశాడు, నన్ను చూశాడు. "రెండేళ్లుగా వేసుకుంటూ ఉంటే మూడు రోజుల్లో ఇలా పడిపోదు సార్" అని మాత్రం అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు బుర్రకెక్కలేదు. ఎముకకు ఆపరేషన్ చేస్తాం గానీ, ఈ వయసులో, ఈ గుండెతో మళ్లీ నడవడం కష్టం అని చెప్పారు. అది మాత్రం ఎక్కింది.

బీమా కార్డు ఊళ్లో ఉందంటే మర్నాడు పొద్దున రైలెక్కి వెళ్లాను. అత్త కాగితాలన్నీ విత్తనాలు దాచే గదిలో పెడుతుంది, ఎలుకలు రాకుండా కుండల్లో. మొదటి కుండలో మినుములు. రెండోదాంట్లో వేపాకు తీస్తే కింద మాత్రల అట్టలు. నెలకొక కట్ట, ప్రతి కట్టకూ పత్తి దారం చుట్టి, వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్క అట్టలో మాత్రం వారం రోజుల మాత్రలు లేవు. మిగతావన్నీ వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి. పారేయలేదు, ఎవరికీ ఇవ్వలేదు, పురుగు పట్టకుండా వేపాకు కూడా వేసింది మహాతల్లి! నేను ఆ మట్టి నేల మీదనే కూర్చుని ఒక్కో కట్టా బయటికి తీసి పెట్టాను. ఎంతసేపని గుర్తు లేదు. గడియారం చూసుకోలేదు.

అత్త పడిందని ఎవరో చెప్పినట్టున్నారు, ఆ పిల్ల వచ్చింది. నా ముందున్న కట్టలు చూసి సంచి జారవిడిచింది. ప్రతి నెలా అడిగాను సార్, వేసుకుంటున్నానని చెప్పింది సార్, దిగడం లేదని నేనే డాక్టరుగారికి చెప్పి పెంచమన్నాను సార్ అని తిన్నె మీద కూర్చుని ఏడ్చింది. తనను ఏమనాలి? నడిచి వచ్చింది, చూసింది, అడిగింది, రాసింది. డాక్టరు ఆ రాసింది చూసి పెంచాడు. నేను ఆ పెంచింది చూసి వేశాను. ఒకరి వెనక ఒకరం అందరం సరిగ్గానే చేశాం. పోట్లాడటానికైనా ఒక మనిషి దొరికి ఉంటే బాగుండేది. నేనే లోపలికి పోయి అంబలి ఉందేమో వెతికాను. ఆ ఇంటినుంచి ఆ పిల్ల ఒట్టి కడుపుతో పోయింది ఆ రోజొక్కటే.

ఆస్పత్రికి తిరిగి వచ్చేదాకా దారి పొడుగునా అత్తను అడగాల్సిన మాటలు కూర్చుకున్నాను. అన్నీ కోపం మాటలే. మంచం పక్కన కట్టలు పెట్టి, "ఏమిటిదత్తా?" అన్నాను. పొర కమ్మిన కళ్లతో తడిమి చూసి గుర్తుపట్టింది. చిన్నపిల్లలా మొహం పెట్టింది.

"ఒక వారం తింటినిరా. తల గిర్రున తిరిగె. సేనుకు పోయేదానికి కాలేదు, నిలిపేస్తిని."

"ఆ అమ్మాయికి చెప్పకూడదా?"

"పావం, ఆ బిడ్డ ఎండలో నడిసి వస్తాది. తినలేదంటే పైవాళ్లు దాన్ని తిడతారంట. అంత దూరం మోసుకోని వచ్చి ఇస్తా ఉంటే వద్దని ఎట్ల సెప్పేది?"

ఆ జవాబు నాకు ముందే తెలుసు. నేను అడగాలనుకున్నది వేరే ఉంది. అదే అడిగాను. "నాకు చెప్పొచ్చు కదత్తా. నేను నీ అన్న కొడుకును. మూడు రోజులు ఎదురుగా నిలబడి ఇచ్చాను. తల తిరుగుతుందని తెలిసి ఎందుకు మింగావు?"

ఆమె చెయ్యి చాపి నా మోచెయ్యి వెతుక్కుని పట్టుకుంది. నన్ను ఓదార్చాలని చూస్తోంది, విరిగింది నా ఎముక అయినట్టు.

"నువ్వు నీళ్లు పట్టుకోని నిలబడుకోనుంటివి గదరా. గడియారం సూసుకుంటా. మీ నాయన మాదిరే ఉంటివి. వద్దంటే నీ మొగం ఎట్లయిపోవును?"

ఆరు నెలల తర్వాత ప్రెషర్ కుదురుకున్నాక కంటి ఆపరేషన్ కూడా చేశారు. స్ట్రెచరు మీద తీసుకెళ్లాం. చక్కగా అయింది. ఇప్పుడు అత్తకు మా వెనక గదిలో మంచం మీదినుంచి ఎదుటి గోడ మీది చీమ కూడా కనబడుతుంది. అక్కడ తనకు చూడటానికి ఉన్నది ఆ గోడే. నెలకు రెండుసార్లు ఆరోగ్య శాఖ నుంచి ఒకావిడ వచ్చి కాళ్లు వంచి, చాపి, పుండ్లు పడకుండా ఒళ్లు చూసి పోతుంది. మంచి మనిషి. అత్త ఆమెకు మజ్జిగ ఇప్పించమని మా ఆవిడ మీద కేకలేస్తుంది. నల్లరేగడి నాలుగెకరాలు ఎవరికో కౌలుకిచ్చాం. పత్తి పగిలే రోజుల్లో ఆమె ఆ సంగతి ఎత్తదు, నేనూ ఎత్తను.

ఇప్పుడు ప్రెషర్‌కు ఒకటే చిన్న మాత్ర. ఎనిమిదికి ఇంకా ఐదు నిమిషాలు ఉండగానే ఆమే పిలిచి అడిగి తీసుకుంటుంది, నేను వెళ్లి నిలబడే అవసరం రాకుండా. నా కళ్లలోకి చూడకుండా గబుక్కున మింగేస్తుంది. నేను గ్లాసు తీసుకుని వచ్చేస్తాను. అరవై ఎనిమిదేళ్లలో నేను ఏ పనికీ ఆలస్యం చేయలేదని ఊరంతా చెప్పుకుంటారు. ఆ మూడు రోజుల్లో ఒక్క పూట ఆలస్యం చేసి ఉంటే, ఈ వేళకు అత్త చేలో ఉండేది.