ఆంటీ, ట్రైలర్, ఫిల్టర్ కాఫీ

ఆంటీ పోయిన సంగతి అంకుల్ ఫోన్ చేసి చెప్పారు. మిస్సిసాగాలో ఆఫీసు పార్కింగ్‌లో కారు ఆపి దిగబోతున్నాను. "అమ్మా, మీ ఆంటీ పొద్దున లేవలేదు" అన్నారు. నిద్రలోనే గుండె ఆగిందట. మళ్ళీ ఆయనే, "నిన్ననే ట్రైలర్ కడిగించింది. మంచు పోయింది కదా, బయల్దేరదామంది" అన్నారు. నేను కారులోనే కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, ఏడుపు వెనకాలే నవ్వు కూడా వచ్చింది. ఆంటీని తలుచుకుని ఊరికే ఏడవడం కుదరదు. ఆవిడతో గడిపిన రోజులు అలాంటివి.

మన పిల్లలు విమానాల కొద్దీ కెనడాలో దిగుతున్న రోజులవి. టొరంటో దగ్గర మిల్టన్‌లో ఏ బస్ స్టాపులో నిలబడ్డా వరంగల్ మాటో, గుంటూరు మాటో వినపడేది. పార్ట్‌టైమ్ ఉద్యోగం కోసం రెజ్యూమెలు పట్టుకుని షాపుల చుట్టూ తిరిగేవాళ్ళం. నేను హన్మకొండ నుంచి చదువుకోడానికి వచ్చి ఆంటీ వాళ్ళ బేస్‌మెంట్‌లో అద్దెకు దిగాను. వేర్‌హౌస్‌లో షిఫ్టులు తర్వాత దొరికాయి. ఈ దేశంలో నాకు దొరికిన మొదటి ఉద్యోగం మాత్రం వాసన చూడటం.

బట్టలు ఉతుక్కుందామని పైకి వెళ్తే ఆంటీ వంటింట్లోకి పిలిచారు. "అమ్మాయ్, నీ ముక్కు బాగా పనిచేస్తుందా?" అన్నారు. పరిచయం కూడా సరిగా లేదు. జలుబు చేసిందేమోనని అడుగుతున్నారనుకున్నాను. బల్ల మీద రెండు స్టీలు గ్లాసుల్లో కాఫీ ఉంది.

"ఇది శాంపిల్ ఏ, ఇది శాంపిల్ బి. వాసన చూసి ఏది బాలేదో చెప్పు. మొహమాటపడకు."

"ఆంటీ, మేం చాయ్ తాగేటోళ్ళం. కాఫీ సంగతి నాకేం తెల్వదు."

"తెలీకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళు ఇంట్లో అబద్ధాలు చెప్తున్నారు" అంటూ అంకుల్ వైపు చూశారు. అంకుల్ లాప్‌టాప్‌లోకి తల దూర్చేశారు.

రెండోది అడుగంటిన వాసన వేస్తోంది. ఆ మాటే చెప్పాను. ఆంటీ గెలిచినట్టు నడుం మీద చేతులు పెట్టుకున్నారు. "ఏవండీ, రెండూ బావున్నాయన్నారుగా?"

"రెండూ నువ్వే పెట్టావు కదోయ్" అన్నారు అంకుల్, తల ఎత్తకుండానే.

అప్పుడు తెలిసింది. అంతకు ముందు ఏడాది కోవిడ్ వచ్చి తగ్గాక ఆంటీకి వాసన తెలియడం పూర్తిగా పోయింది. జ్వరం పోయింది, దగ్గు పోయింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఆవిడ తెనాలి మనిషి. ఫార్మా కంపెనీలో క్వాలిటీ ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరయ్యారు. ప్రతిదీ పరీక్ష పెట్టి గానీ నమ్మరు. లవంగాలు, నిమ్మతొక్క రోజూ వాసన చూడమని డాక్టరు చెబితే ఒక్క పూట మానకుండా చూశారు. ఇంతకాలమైంది కాబట్టి వస్తుందని మాటివ్వలేనని చివరికి ఆ డాక్టరే అన్నాడట.

"వాసన పోయినందుకు కాదే నా బెంగ. కాఫీ వాసన ఎలా ఉండేదో మర్చిపోతున్నాను. మొన్నటిదాకా గుర్తుండేది. ఇప్పుడు ఎంత తలుచుకున్నా రావట్లేదు. పూర్తిగా మర్చిపోయాక వాసన తిరిగొచ్చినా, అది కాఫీయేనని నాకెలా తెలుస్తుంది?" అన్నారు.

అందుకు ఆవిడ దగ్గర ఒక ప్లాన్ ఉంది. అంకుల్ చేత కొనిపించి ఇంటి ముందు డ్రైవ్‌వేలో పెట్టించిన పాత ట్రావెల్ ట్రైలర్. బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న గది అది. ఒక మంచం, ఒక బల్ల, గ్యాస్ పొయ్యి, సింకు, బుల్లి ఫ్రిజ్. ఇంట్లో ముక్కు నిద్రపోతోందని, అడవి గాలికి లేస్తుందని ఆంటీ నమ్మకం. ఏ డాక్టరూ అనని మాట. అయినా ఆవిడ చెప్తుంటే నాకూ నిజమే అనిపించింది. ఆ వేసవిలో షిఫ్టు లేని ప్రతి వారాంతం నన్నూ ఎక్కించుకుపోయేవారు.

అబ్బ, ఆ ప్రయాణాలు! హైవే 401 మీద అంకుల్ బండి వెనక ట్రైలర్ ఊగుతూ వస్తుంటే నాకు బడి ఎగ్గొట్టి జాతరకు పోతున్నంత సంబరంగా ఉండేది. అడవిలో క్యాంపింగ్ పార్కులో మా చోటు చేరాక అసలు వేడుక మొదలయ్యేది. ట్రైలర్‌ని వెనక్కి పెట్టడం అంకుల్‌కి చేతకాదు. ఆంటీ వెనక నిలబడి, లారీ క్లీనర్ల కంటే గట్టిగా, "రానీ, రానీ, కొంచెం లెఫ్ట్ కొట్టండి, ఆ లెఫ్ట్ కాదండీ" అని అరుస్తుంటే చుట్టుపక్కల వాళ్ళంతా కుర్చీలు తిప్పుకుని మరీ చూసేవారు.

ఆ తర్వాత టైర్ల కింద చెక్కపలకలు పెట్టి ట్రైలర్‌ని సమంగా నిలబెట్టాలి. అంకుల్ ఫోన్‌లో యాప్ పెట్టి సరిపోయిందనేవారు. ఆంటీ ఒప్పుకునేవారు కాదు. స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి బల్ల మీద పెట్టి చూసేవారు. నీళ్ళు ఒక పక్కకి జరిగితే ఇంకో పలక. "ట్రైలర్ వాలితే ఫిల్టర్ వాలుతుంది. నీళ్ళు పొడిని తడపకుండా ఒక పక్కనుంచే జారిపోతాయి. అది డికాషన్ కాదు, కడిగిన నీళ్ళు" అనేవారు. కాఫీ కోసం ఇల్లంతా సమం చేసే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

పార్కు కుళాయి నీళ్ళు తుప్పు వాసన వేస్తున్నాయని నేను చెప్పిన రోజు నుంచీ ఇంటి నుంచే క్యాన్లు మోసుకెళ్ళాం. పొద్దుటి చలికి హీటర్ ఆన్‌లో ఉండగా ఎలక్ట్రిక్ కెటిల్ వేస్తే కరెంటు పోతుంది కాబట్టి నీళ్ళు గ్యాస్ మీదే కాచేవారు. పాలు ఇక్కడి సంచుల్లో దొరికే చిక్కటివి. డికాషన్ దిగేదాకా ఎవరూ ఫిల్టర్ మూత తీయకూడదు, తట్టకూడదు. నేను ఊరికే ఉండలేక అటూ ఇటూ తిరిగితే, "తొందరగా ఉంటే టీ పెట్టుకో తల్లీ" అనేవారు. చాయ్ మీద అంత చిన్నచూపేమిటని నాకు రోషం వచ్చేది. మా ఇరానీ చాయ్ గురించి పెద్ద ఉపన్యాసమే ఇచ్చేదాన్ని. అంతా విని, "పాపం, చిన్నప్పటి నుంచీ అదే అలవాటైతే ఏం చేస్తావులే" అని జాలిపడేవారు.

మొదటి ట్రిప్‌లో మేం చేసిన తప్పు మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేరు. అంకుల్ పులిహోర కలుపుతానని తలుపులు మూసుకుని ట్రైలర్ లోపలే పోపు వేశారు. ఇంగువ ధారాళంగా వేశారు. పొగ అలారం గోల పెట్టింది. కిటికీలు తెరిచి తువ్వాళ్ళు విసిరాం, అలారం ఆగింది, పులిహోర బ్రహ్మాండంగా కుదిరింది. తెల్లారి చూస్తే పరుపులో ఇంగువ, పరదాల్లో ఇంగువ, మూత సరిగా పెట్టని కాఫీపొడిలో ఇంగువ. ఆంటీ అదేమీ తెలియకుండా శ్రద్ధగా కాఫీ కలిపి నా చేతికిచ్చారు.

"ఎలా ఉంది?"

"ఆంటీ, పులిహోర తాగినట్టుంది."

ఆవిడ ట్రైలర్ మెట్టు మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. నవ్వు ఆగాక, "ఇంగువ కూడా తెలీలేదే నాకు" అన్నారు మెల్లగా. అప్పటి నుంచీ పోపులన్నీ బయటి బల్ల దగ్గర, లోపల కాఫీ ఒక్కటే. అది ఆంటీ పెట్టిన చట్టం.

వాసన బాగుందో లేదో చెప్పడం నా ఉద్యోగంలో తేలిక భాగం. వాసన ఎలా ఉందో చెప్పడం అసలు పని. డికాషన్ దిగగానే నన్ను ఫిల్టర్ మీదకి వంగమని, ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చునేవారు. "ఊఁ, చెప్పు." నేను వేయించిన పల్లీలనేదాన్ని. "కాదు." తొలకరికి తడిసిన మట్టి అనేదాన్ని. "కొంచెం దగ్గరకొచ్చావు." మా తాత చుట్టపెట్టె అంటే, "ఛీ, లే అవతలకి." వేర్‌హౌస్‌లో డబ్బాలు ఎత్తుతూ కూడా కొత్త పోలికల కోసం వెతికేదాన్ని. నేను సరైన మాట చెప్పగలిగితే ఆవిడకి ఆ వాసన గుర్తొస్తుందని, గుర్తుంటే తిరిగొస్తుందని నాకు గట్టి నమ్మకం కుదిరిపోయింది. పరీక్షలకి కూడా అంత కష్టపడలేదు. వేసవి అయిపోవస్తోంది, చెప్పడానికి నా దగ్గర మాటలు అయిపోతున్నాయి. ఆంటీ ఒక్కోసారి "కాదు" అనడం కూడా మానేసి ఊరికే తల ఊపేవారు. ఆ తల ఊపడం చూస్తే నాకు దిగులేసేది.

ఆ ఏటికి చివరి ట్రిప్ సెప్టెంబర్‌లో వెళ్ళాం. మేపుల్ చెట్లు ఎర్రబడ్డాయి. ఆదివారం పొద్దున చలిగా ఉంది. అంకుల్ నీళ్ళ పైపు చుడుతున్నారు, మధ్యాహ్నానికల్లా చోటు ఖాళీ చేయాలి. ఆంటీ చెరువు వైపు మడతకుర్చీ వేసుకుని శాలువా కప్పుకుని కూర్చున్నారు, ట్రైలర్‌కి వీపు పెట్టి. నేను లోపల పొయ్యి మీద పాలు పెట్టి, కిటికీలోంచి ఒక ఉడతని చూస్తూ మైమరచిపోయాను.

"అమ్మాయ్, పాలు పొంగుతున్నాయి చూడు."

ఉలిక్కిపడి తిరిగేసరికి పాలు గిన్నె అంచు దాకా వచ్చేశాయి. పొయ్యి ఆపేశాను. ఆపాక గానీ నాకు తట్టలేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆవిడ అటు తిరిగి ఉన్నారు. బయటికి పరుగెత్తి, "ఆంటీ, మీకెట్ల తెలిసింది?" అన్నాను.

ఆంటీ కుర్చీలోంచి సగం లేచారు. అంకుల్ పైపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"పాల వాసన వచ్చిందే" అన్నారు ఆంటీ, తనే నమ్మలేనట్టు.

కాళ్ళు నేల మీద ఆనలేదు నాకు. లోపలికి ఉరికి కాఫీ కలిపాను, ఆ తొందరలో సగం బల్ల మీదే పోయింది. ఆంటీ గ్లాసు ముఖం దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశారు. "పాలే వస్తున్నాయి. కాఫీ రావట్లేదు" అన్నారు. అంకుల్ అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. అంత దూరం వచ్చి ఇక్కడ ఆగిపోతుందా అని నాకు పిచ్చి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. మళ్ళీ లోపలికి పోయి, మిగిలిన డికాషన్‌ని గిన్నెలో వేడి చేసి, పాలు లేకుండా, చక్కెర లేకుండా, ఉత్తదే గ్లాసులో పోసి తెచ్చి ఇచ్చాను. డికాషన్ మళ్ళీ కాచడమంటే ఆవిడ దృష్టిలో మహాపరాధం. ఆ పొద్దున మాత్రం గ్లాసు అందుకున్నారు.

ఆవిరికి ఆంటీ కళ్ళద్దాలు మసకబారాయి. ఆవిడ తీయలేదు. ఇంకోసారి పీల్చారు.

"ఉంది" అన్నారు. "ఇదే. నాకు తెలిసిపోయింది, ఇదే."

"ఎట్లుంది ఆంటీ?"

"మాట్లాడకే కాసేపు."

ఆ తర్వాత వాసన పూర్తిగా రావడానికి శీతాకాలమంతా పట్టింది. నేను చదువు ముగించి, ఉద్యోగం దొరికి మిస్సిసాగాకి మారినా, వేసవిలో ట్రైలర్ కదిలితే నాకు ఫోన్ వచ్చేది. అవన్నీ మంచి రోజులే. అంకుల్ ఫోన్ పెట్టేశాక నాకు కనపడింది మాత్రం ఆ ఆదివారమే.

ఆవిడ ఆ డికాషన్ తాగలేదు. తాగితే అయిపోతుందన్నట్టు రెండు చేతులతో పట్టుకుని వాసన చూస్తూనే ఉన్నారు. అంకుల్, నేను చప్పుడు చేయకుండా సామాన్లు సర్దాం. బల్ల మీద గుడ్డ మడిచాం, పలకలు తీశాం, ట్రైలర్‌ని బండికి తగిలించాం. పక్క చోటు వాళ్ళు వెళ్ళిపోయారు. పార్కు మనిషి జీపులో వచ్చి గడియారం చూపించబోయి, ఆవిడని చూసి, చెయ్యి దించేసుకుని వెళ్ళిపోయాడు. మా సామాను అంతా లోపలికి వెళ్ళింది. బయట కంకర మీద ఆంటీ కుర్చీ ఒక్కటే ఉంది. బండి స్టార్ట్ చేసి అంకుల్, వెనక సీట్లో నేను, చెరువు వైపు తిరిగి ఉన్న ఆ తలని చూస్తూ కూర్చున్నాం. లేవమని మాత్రం ఇద్దరిలో ఎవరమూ చెప్పలేదు.