శ్యామలమ్మ ఫ్రిజ్‌లో ఐసు

ఆ సోమవారం పొద్దున ఉమామహేశ్వర్ ఐసు డబ్బాలు ఫ్రిజ్‌లో లేవు. ప్రహరీ గోడ మీద ఎండలో కరిగిపోయి ఉన్నాయి.

అది 2006. ఎయిడ్స్ ఎంతవరకు పాకిందో తెలుసుకోవడానికి దేశమంతా రక్త నమూనాలు తీస్తున్నారు. నాచారంలోని ఒక దవాఖానాకు వచ్చే గర్భిణుల రక్తంలో కొంచెం పక్కకు తీసి, పేరు లేకుండా నంబరు మాత్రం వేసి, వారానికోసారి జీపెక్కించడం ల్యాబ్ టెక్నీషియన్‌గా ఆయన పని. ఐసు మధ్య పెట్టకపోతే చెడిపోతుంది. దవాఖానా ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టదు. అందుకని చిల్కానగర్‌లో తన ఇంటి ఓనరు శ్యామలమ్మను బతిమాలి, ఆమె ఫ్రిజ్‌లో తన నీళ్ల డబ్బాలకు చోటు సంపాదించాడు.

పది గంటలకు దవాఖానాకు జీపొస్తుంది.

"గిదేందమ్మా?" అన్నాడు నీరసంగా.

"నన్నడుగుతున్నవా? నీ ఐసు పోయేది ఎయిడ్స్ జీపులనంట గదా! ఇస్త్రీ కొమురెల్లి జెప్పిండు. నా పెరుగు గిన్నె పక్కన రోగం పెడ్తవా? ఖాళీ జెయ్యి రూము!"

"అండ్ల ఉన్నయి ఉత్త నీళ్లేనమ్మా."

"ఉత్త నీళ్లయితే తాగు మరి!"

కొమురెల్లి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చాడు. గల్లీ గోడలెక్కింది. ఉమామహేశ్వర్ ఒక డబ్బా మూత తిప్పి గటగటా తాగేశాడు.

"సూసిన్రా? మన తొట్టి కాడి నల్లా నీళ్లే."

శ్యామలమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుంది. "ఓరి నీ పాడుగాను! అవి బోరు నీళ్లురా! బర్రె గూడ మూతి పెట్టదు!"

"రోగం సంగతేమో గని అన్నా, గా నీళ్లకైతే పక్కా పోతవ్," అన్నాడు కొమురెల్లి.

"నా ఫికరొద్దు, జర ఐసు సంగతి సూడమ్మా. ఆ రక్తం ఖరాబైతే మళ్ల తీస్కుందామన్నా ఎవలదో నాకే ఎర్కలేదు."

"ఎవలో ఎర్కలేనోళ్ల కోసం బోరు నీళ్లు తాగినవా?"

ఆమె విసవిసా లోపలికి పోయింది. సాయంత్రం వియ్యాలవారికి రస్నాలోకని గిన్నెల్లో పెట్టిన ఐసంతా కవర్లలో కట్టి తెచ్చింది. జీపు వేళకు కదిలింది. సాయంత్రం వియ్యపురాలు వెచ్చటి రస్నా గ్లాసులో సగం వదిలేసింది.

ఉమామహేశ్వర్ రెండు రోజులు సెలవు పెట్టాడు. మూడో రోజు మేడ మీది రూములోంచి దిగి వచ్చేసరికి, శ్యామలమ్మ డబ్బాల్లో తాగే మంజీరా నీళ్లు తానే నింపుతోంది.

"ఐసుకు ఏ నీళ్లయితే ఏందమ్మా?"

"మళ్లెవడన్న తాగుమంటే?"

మరుసటి సోమవారానికి డబ్బాలు నాలుగూ పెరుగు గిన్నె పక్కనే గడ్డకట్టాయి.