పలకతో కొలిచే విశ్వాసం

మార్కాపురంలో కంప్యూటర్లు బాగుచేసే విశ్వాసం చేతిలో టేపు చూసినవాళ్లు ఎవరూ లేరు. ఆయన ఏది కొలవాలన్నా పలకతోనే కొలుస్తాడు. బడిపిల్లల రాతి పలక ఒకటి, చట్రం అంచులు అరిగిపోయినది, ఆయన చంకలో ఎప్పుడూ ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించిన మనిషి మరి. ఆయన లెక్కలో కొట్టు వాకిలి నాలుగు పలకలు, స్కూటరు ఏడు పలకలు. పెళ్లిచూపులకు పోయొచ్చినప్పుడు పిల్ల ఎట్లుందని తల్లి అడిగితే, "ఆరు పలకలకు రెండు వేళ్లు తక్కువ" అన్నాడట. ఆ మాట పట్టుకుని భార్య ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

"ఒక టేపు కొనుక్కోరాదా విశ్వాసం?" అంటే చాలు, ఆయనకు కోపం వస్తుంది.

"టేపు సాగుద్ది. పలక సాగినట్టు ఎక్కడన్నా విన్నావా?"

తర్లుపాడు ఊరి రేచల్‌కు ఇదంతా తెలుసు. తెలిసే ఆయన దగ్గరకు వెళ్లింది. మందుల షాపులో పనిచేసి ఆమె దాచుకున్న ముప్పై వేలకు ఇంకెవరూ ఆ పని ఒప్పుకోలేదు మరి.

"మా హాల్లో టీవీ కింద పెట్టుకునే గేమింగ్ కంప్యూటరు కావాల చిన్నాయనా. పెద్ద గ్రాఫిక్స్ కార్డు, గాజు తలుపు, లోపల రంగుల లైట్లు."

"ఏం ఆట ఆడతారు?"

"లారీ తోలే ఆట. స్టీరింగు, పెడళ్లు పెట్టుకొని."

"లారీ ఎక్కేదానికి విమానం టిక్కెట్టు ఎందుకమ్మా? పెద్ద కార్డు వద్దు. ప్రాసెసర్‌లోనే బొమ్మలు చూపించేది ఉంటది, ఆ ఆటకు అది చాలు. లైట్లకు పెట్టే డబ్బు ర్యాముకు పెడదాం. పెట్టె మాత్రం పలకంతే ఉండాల. ఇల్లు చూడాల."

"కొలతలు రాసుకొచ్చినా గదా."

"దేంతో కొలిచినావు?"

"టేపుతో."

విశ్వాసం ఆ పిల్ల వైపు జాలిగా చూశాడు.

కంప్యూటరు ఎవరికోసమో రేచల్ ఆయనకు చెప్పలేదు. వాళ్ల నాయన కరుణాకరం ముప్పై ఏళ్లు పలకల లోడు లారీ చెన్నైకి తోలినవాడు. కుడి మోకాలు బిగుసుకుపోయి ఇక వంగదని, లారీ ఎక్కొద్దని డాక్టరు చెప్పి తొమ్మిది నెలలైంది. అప్పటినుంచి హాల్లో మంచం మీద కాలు చాపుకుని పడుకునే ఉంటున్నాడు. చర్చికి రాడు, ఆదివారం సాయంత్రం హాల్లోనే ప్రార్థన పెడితే గోడవైపు తిరుగుతాడు. అన్నం తింటావా అంటే ఊ, వద్దా అంటే ఊ. ఆయన మళ్లీ నాలుగు మాటలు మాట్లాడితే చాలు, ముప్పై వేలు పోయినా పర్వాలేదనుకుంది రేచల్. ముందే చెబితే వద్దంటాడని, అది నాయనకని ఇంట్లో కూడా నోరు విప్పలేదు.

విశ్వాసం మరునాడే దిగాడు. టీవీ బల్ల కొలిచాడు. కిటికీ కొలిచాడు. అక్కడ పనేమీ లేకపోయినా నీళ్ల బిందె కూడా కొలిచాడు. రేచల్ తల్లి ఎలీషబా బిక్కమొహం వేసింది.

"ప్రార్థన జరిగే చోట ఆటల పెట్టె పెడితే పాస్టరు గారు ఏమంటాడో ఏందో!"

"పెట్టె కనపడితే గదా వదినా," అంటూ ఆయన మంచం దగ్గరకు వెళ్లాడు. మంచం ఎత్తు చూశాడు. తర్వాత కరుణాకరాన్నే కొలవడం మొదలుపెట్టాడు. అరికాలి నుంచి మోకాలికి, మోకాలి నుంచి నడుముకు, నడుము నుంచి భుజానికి పలక పెట్టి, మంచం పట్టె మీద బలపంతో గీతలు గీశాడు. కరుణాకరం కళ్లు మూసుకుని ఊరుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పక్కింటి రోశమ్మ మజ్జిగ కోసం వచ్చింది. వాళ్ల పాలెంలో కళ్లు మూసుకున్న మనిషిని ఎవరైనా నిలువునా కొలిచారంటే ఆ కొలిచేది వడ్రంగి, కొలిచేది శవపెట్టెకు. రోశమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చిన దోవనే వెనక్కి పోయింది. విశ్వాసం బస్సెక్కి గంట కాకముందే ఆరుగురు ఆడవాళ్లు పాటల పుస్తకాలతో వాకిట్లో ఉన్నారు.

"ఎంత పనాయె వదినా! అన్నకు ఏ పాటంటే ఇష్టం? అదే పాడుదాం," అంది రోశమ్మ ఏడుస్తూ.

కరుణాకరం లేచి కూర్చున్నాడు.

"ఎవురికే పాట? నాకా? నేనింకా పోలేదు! కాలు వంగకపోతే మనిషి పోయినట్టేనా? ఇదే కాలితో ముప్పై ఏండ్లు చెన్నై పోయొచ్చినా! ఒక్క పలక పగలనీయలే! పొండి, పొయ్యి మీ మొగుళ్లకు పాడుకోండి!"

తొమ్మిది నెలల మాటలన్నీ ఒక్కసారే వచ్చాయి. ఎలీషబా వంటింట్లోకి పోయి నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది. కంప్యూటరు రాకముందే తన డబ్బు గిట్టుబాటైందని రేచల్‌కు అనిపించింది.

శనివారం విశ్వాసం పెట్టె తెచ్చాడు. పలక పొడవు, పలక ఎత్తు, జానెడు మందం. మదర్‌బోర్డు, పవర్ సప్లై ఎవరో వాడి అమ్మినవి. పలకల చట్రాల చెక్కతో ఒళ్లు కట్టి, గాలి ఆడటానికి వరసగా బెజ్జాలు వేశాడు. ఫ్యాను తిరుగుతున్నట్టు కూడా వినపడదు. ముందువైపు నల్లగా నిజం పలకే. దాన్ని చూడగానే ఎలీషబా దిగులు తీరిపోయింది.

"దీని మీద ఆదివారం పాటల నంబర్లు రాసుకోవచ్చు!"

విశ్వాసం సంచిలోంచి ఇంకో చెక్క తీసి మంచం పక్కన నేల మీద పెట్టాడు. చాపిన కాలు చాపినట్టే ఉన్నా పాదం ఆనేలా వాలుగా కోసిన దిమ్మె అది. యాక్సిలరేటర్ పెడల్ దాని మీద బిగించి ఉంది. స్టీరింగు సరిగ్గా మంచం ఎత్తుకు, కరుణాకరం చెయ్యి చాలేంత దూరానికి వచ్చింది.

రేచల్ ఆ దిమ్మెను చేత్తో తడిమి చూసింది. "నాయనకని నీకు చెప్పలే గదా చిన్నాయనా!"

"టీవీ ఎదురుగా మంచం, మంచం మీద లారీ డ్రైవరు. ఇంక చెప్పేదేముందమ్మా? ఆయన్ను కొలిచేదానికే వచ్చినా. ఉత్తగా ఆయన్నొక్కణ్నే కొలిస్తే బాగుండదని బిందె గూడా కొలిచినా."

కరుణాకరం మంచం అంచుకు జరిగి స్టీరింగు పట్టుకున్నాడు. టీవీలో రోడ్డు కదిలింది. మొదటి మలుపులో ఎడంచెయ్యి దానంతటదే లేని గేరు కోసం వెతికింది. రెండో మలుపుకు ఎదురొచ్చే బస్సును తిట్టాడు. మూడో మలుపుకు, "ఎవురన్నా సైడు చూడండబ్బా!" అని అరిచాడు. విశ్వాసం గబగబా మంచం ఎక్కి పక్కన కూర్చున్నాడు. "రైట్... రైట్... పోనీయన్నా!"

మరునాడు సాయంత్రం ప్రార్థనలో స్తుతులు చెప్పే వేళకు, గోడవైపు తిరగాల్సిన కరుణాకరం గొంతు సవరించుకున్నాడు.

"దేవునికి స్తోత్రం. నా బిడ్డకు స్తోత్రం. బతికుండగా నన్ను కొలిచినోడికి గూడా."

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది రోశమ్మ.

ఆ పెట్టె ముందున్న పలక ఎక్కడిదో రేచల్‌కు ఆలస్యంగా అర్థమైంది. పెట్టెకు బిగించేదానికి మేకుల బెజ్జాలు వేస్తుంటే మూడు కొత్త పలకలు పగిలాయట. చివరికి ఆయన చంకలోదే పెట్టి బిగించాడు. ఇప్పుడు ఆయన చంకలో కొత్త పలక ఉంది. దాన్ని ఆయన అస్సలు నమ్మడు. ప్రతి శనివారం మార్కాపురం నుంచి బస్సెక్కి వచ్చి, కొత్త పలకను పాతదాని పక్కన ఆనించి చూస్తాడు.

"సాగిందా?" అని అడుగుతాడు కరుణాకరం, టీవీలో రోడ్డు మీదనుంచి కళ్లు తిప్పకుండా.

"ఈ వారానికి సాగలే. వచ్చేవారం చూడాల," అంటూ విశ్వాసం మంచం ఎక్కి క్లీనరు సీట్లో కూర్చుంటాడు.